ఏటా ఇంటికి తిరిగొచ్చిన కోడి

సుజానా ఎడమచేతి వేళ్ళతో కోడి ముక్కును కొద్దిగా విడదీసి, కుడిచేతి చూపుడువేలి కొసన నిలిచిన గంజి బొట్టును లోపలికి జార్చింది. కోడి మింగలేదు. బొట్టు ముక్కు అంచున కాసేపు ఆగి, కిందికి జారి, ఆమె ఒళ్ళో పరచుకున్న పాత తువ్వాలులో ఇంకిపోయింది. ఆమె మళ్ళీ గిన్నెలో వేలు ముంచింది. ఈసారి బొట్టును జార్చి, మెడ మీది ఈకలను బొటనవేలితో పైనుంచి కిందికి మెల్లగా నిమిరింది. గొంతులో చిన్న కదలిక కనిపించింది. ఒక్క గుటక పడింది.

"ఊఁ, మింగినావు. ఇంకోటి. ఇంకొక్కటే," అంది.

చోడిపిండిని, అంటే రాగిపిండిని, పలుచగా కాచి, అందులో నలిపిన వెల్లుల్లి, చిటికెడు పసుపు, కొంచెం మిరియాల పొడి కలిపిన గంజి అది. అంతకు ముందు కాకరాకు పసరు పట్టింది. అది సగం బయటికి వచ్చి కోడి రొమ్ము ఈకల మీద పచ్చగా ఎండిపోయింది. పొయ్యిలో నిప్పులు ఇంకా ఎర్రగా ఉన్నాయి. గుమ్మం బయట పొగమంచు తప్ప ఏమీ కనబడటం లేదు. పెరట్లో పనసచెట్టు ఉందని తెలిసిన వాళ్ళకే తెలుస్తుంది. లోయలో ఎక్కడో రైలు సొరంగంలోకి దూరిన చప్పుడు వచ్చి, అంతలోనే ఆగిపోయింది.

ముసలి పెట్ట అది. బూడిద రంగు ఈకల మీద నల్లటి చుక్కలు. ఒకప్పుడు ఆ చుక్కలు నూనె రాసినట్టు మెరిసేవి. ఇప్పుడు మెడ దగ్గర ఈకలు ఊడిపోయి కింద గరుకు చర్మం కనబడుతోంది. తురాయి పాలిపోయి ఒక పక్కకు వాలింది. కాళ్ళ మీది పొలుసులు ఎండిన తాటాకుల్లా లేచాయి. రెక్కలు ఒంటికి అంటుకోకుండా రెండు వైపులా జారిపోతున్నాయి. నిలబెడితే కాసేపు నిలబడి, ఏదో గుర్తుకు తెచ్చుకుంటున్నట్టు కళ్ళు మూసుకుని, మెల్లగా కూలబడుతుంది. సుజానా భర్త టైటస్ దాన్ని దొరసాని అని పిలిచేవాడు. ఎవరి ఇంట్లోకైనా అడగకుండా వెళ్ళిపోయేదని ఆ పేరు.

మర్నాడు కోతకాల పండుగ. రేపటి ఆరాధన దాకా ఇది బతికితే చాలని సుజానా లేవగానే ప్రార్థన చేసింది. అంతకు మించి అడగటానికి ఆమెకు నోరు రాలేదు.

వరికోతలు అయ్యాక, ఆ చుట్టుపక్కల గూడేల క్రైస్తవులు తమకు పండినదాంట్లో మొదటి పాలు మందిరానికి తెస్తారు. బియ్యం, చోళ్ళు, గుమ్మడికాయలు, పసుపు కొమ్ములు, అరటి గెలలు, గుడ్లు, కోళ్ళు. ఆరాధన అయ్యాక వాటిని ఆవరణలో వేలం వేస్తారు. వచ్చినది మందిరం ఖర్చులకు పోతుంది. తెచ్చినవాళ్ళే పాడుకుని తమ వస్తువును తిరిగి ఇంటికి తీసుకుపోవచ్చు. అది తప్పు కాదు, కానీ ఎవరూ అలా చెయ్యరు. ఈ కోడి మాత్రం ఏటా మందిరానికి వెళ్ళి, ఏటా టైటస్ చంకలో ఇంటికి తిరిగి వచ్చింది. టైటస్ వేసవిలో చనిపోయాడు. ఈసారి కోడిని తీసుకెళ్ళి, పాడుకోకుండా, వెనక్కి చూడకుండా వచ్చెయ్యాలని సుజానా నిశ్చయించుకుంది. దీన్ని దేవుడికి ఇస్తానని ఆమె ఒకప్పుడు మొక్కుకున్న మొక్కుబడి, ఆమె మనసులో ఇంకా తీరలేదు.

ఆమె కొబ్బరినూనె సీసా తీసి, రెండు చుక్కలు వేళ్ళకు రాసుకుని, కోడి తురాయిని మెల్లగా రుద్దింది. కాస్త ఎరుపు వచ్చినట్టు అనిపించింది. ఇంకొంచెం రుద్దింది. కళ్ళ చుట్టూ కట్టిన పొరను తడిగుడ్డతో తుడిచింది. రొమ్ము మీది పసరు మరకను గోటితో గీకింది. దూరం నుంచి చూస్తే జబ్బు కోడి అని తెలియకూడదు.

చేస్తున్న పని ఏమిటో అప్పుడు తట్టి, చెయ్యి ఆగిపోయింది.

పోయిన ఆదివారం మందిరంలో అయ్యగారు ప్రసంగం అయ్యాక చెప్పారు. కింది గూడేల్లో కోళ్ళకు కొక్కెర తగిలింది, జబ్బు కోళ్ళను పండుగకు తేవద్దు, మిగతావాటికి అంటుకుంటుంది అని. ఆయన చెప్పింది సబబే. అందరూ తలూపారు. సుజానా కూడా తలూపింది. దొరసానికి వచ్చింది కొక్కెర కాదు. కొక్కెర అయితే పచ్చగా పారి, మెడ మెలితిరిగి, ఈపాటికే పడిపోయేది. ఇది వయసు మీద పడటం. మెడ కింద మేతసంచి రాయిలా గట్టిపడి, లోపలికి ఏమీ దిగడం లేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. కానీ తెలుసని చెప్తే నమ్ముతారా? నమ్మినా, రోగిష్టిదాన్ని దేవుడికి ఇస్తారా అంటారేమో. అందుకే ఎవరికీ చెప్పలేదు. అయినా దేవుడి దగ్గరికి తీసుకెళ్ళే దానికి నూనె రాసి మెరిపించడం ఏమిటి? ఎవరి కళ్ళు కప్పడానికి?

ఆమె నూనె తుడవలేదు. అలాగని ఇంకా రాయనూ లేదు. సీసా మూత బిగించి పక్కన పెట్టింది.

"అత్తా! ఓ సుజానత్తా! బేగి రా, మేస్త్రి అరుత్తన్నాడు!" పక్కింటి భాను దారి మీద నుంచి పిలిచింది.

"వత్తన్నానే గుంటా. పొయ్యి ఆర్పనీ."

కోడిని ఇంట్లో వదిలి వెళ్ళడానికి మనసు ఒప్పలేదు. కాఫీ పళ్ళ బుట్టతో పాటు ఇంకో బుట్ట తీసి, అడుగున తువ్వాలు పరిచి, దాన్ని కూర్చోబెట్టి, పైన టైటస్ మఫ్లరు కప్పింది. గొళ్ళెం పెట్టి, ఒక బుట్ట తలమీద, ఒక బుట్ట చంకన పెట్టుకుని బయలుదేరింది.

*

కాఫీ తోట గూడేనికి పైన, సిల్వర్ ఓక్ చెట్ల నీడలో ఉంది. ఆ చెట్లకు చుట్టుకుని మిరియం తీగలు పైదాకా పాకాయి. ఆకుల మీద మంచు ఇంకా ఆరలేదు. కొమ్మ పట్టుకుని వంచగానే చేతుల మీదుగా మోచేతుల దాకా చల్లగా కారుతుంది. సుజానా ఈ తోటలో పెళ్ళయిన ఏడాది నుంచి పని చేస్తోంది. కొమ్మను ఎడమచేత్తో వంచి, కుడిచేతి మూడు వేళ్ళతో ఎర్రటి పళ్ళను ఒక్కొక్కటిగా మెలితిప్పి తీస్తుంది. పచ్చికాయ తగిలితే వేళ్ళు వాటంతట అవే తప్పుకుంటాయి. చూడక్కర్లేదు. గోళ్ళ సందుల్లో పళ్ళ జిగురు పట్టి, అక్కడ చర్మం నల్లబడి, ఏ పండక్కి ఎంత తోమినా వదలని రంగు అయింది.

బుట్టను ఆమె ఒక చెట్టు మొదట్లో, ఎండ పడే చోటు చూసి పెట్టింది. వరుస మారినప్పుడల్లా వచ్చి, బుట్టను కూడా ఎండతో పాటు జరిపింది.

మేస్త్రి సోములు రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని వచ్చి బుట్టలోకి తొంగిచూశాడు.

"ఇదేటి సుజానమ్మా? కోడి కూడా పళ్ళు కోత్తాదా? దానికి సగం కూలీ రాసుకోనా?"

"మేస్త్రి కన్నా అదే నయం, అరవదు," అని భాను పక్క వరుసలోంచి అంది. ఆడవాళ్ళు నవ్వారు. సోములు కూడా నవ్వి, మఫ్లరు కొస తన వేలితో సరిచేసి వెళ్ళిపోయాడు.

కాసేపటికి భాను తన బుట్టను తుంటికి ఆనించుకుని దగ్గరికి వచ్చింది. బుట్టలోకి చూసి ముఖం ముడిచింది.

"ఏటత్తా సేత్తన్నావు? కళ్ళు సూడు దానివి. ఇది నిలవదు. సచ్చిపోతే పారెయ్యాల. ఊపిరుండగానే కోసీ. నీకు సెయ్యి రాకపోతే మా ఆయన కోత్తాడు. మిరియాలేసి పులుసెట్టుకుందాం."

"దీన్ని ఇచ్చెయ్యాలే. మొక్కుకున్నది."

"అదెప్పుడో ఇచ్చీసినావు గదా? అందరికీ తెలుసు. ఏడాదికోపాలి ఊరేగింపులాగ తీసికెల్తారు, తీసుకొత్తారు." భాను నవ్వింది. ఆమెది వేరే కొలువు. వాళ్ళింట్లో కొండదేవరకు మొక్కుతారు. "మా ఇంట్లో అయితే మొక్కిన కోడిని ఆ రోజే కోసేత్తాం. మీ దేవుడు నయమత్తా. ఇచ్చింది తిరిగి ఇచ్చేత్తాడు."

భాను వేళాకోళానికే అంది. సుజానా కూడా పెదవి విరిచి నవ్వింది. కానీ ఆ మాట వెళ్ళి, ఇన్నాళ్ళుగా ఏ చోట నొప్పి ఉందో అక్కడే తగిలింది.

టైటస్ పడిపోయింది ఇలాంటి తోటలోనే. మిరియాలు కోయడానికి ఒంటి వెదురు నిచ్చెన వేసుకుని ఓక్ చెట్టు ఎక్కాడు. రాత్రి వాన పడి వెదురు నాని ఉంది. నడుము విరిగినంత పని అయింది. డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకెళ్ళారు. అక్కణ్ణించి విశాఖ. డోలీ ఇంటి ముందు నుంచి కదులుతూంటే, ఇల్లంతా ఏడుపు. అప్పుడు పెరటి మూలన ఒక పడుచు పెట్ట తన మొదటి గుడ్డు పెట్టి, లోకం మీద ఇంకే సంగతీ లేనట్టు గొంతు చించుకుని అరుస్తోంది. సుజానా ఆ అరుపు విని ఆగింది. మనిషి తిరిగొస్తే ఇది నీది ప్రభువా, అంది. అంది, డోలీ వెనక పరుగెత్తింది.

మనిషి తిరిగి వచ్చాడు. మంచం మీద పడుకుని ఉన్న ఆ నెలలన్నీ ఆ పెట్ట అతని మంచం కిందే మసిలింది. అతని దుప్పటి మూలలో గుడ్డు పెట్టింది. మొక్కు సంగతి సుజానా అతనికి చెప్పలేదు. చెప్తే తన నడుమును కోడితో కొన్నానని నవ్వుతాడని సిగ్గు.

ఆ ఏడు పండక్కి చెప్పకుండానే కోడిని తీసుకెళ్ళి ఇచ్చింది. టైటస్ చేతికర్రతో వెనకాల వచ్చి మగవాళ్ళ వైపు కూర్చున్నాడు. వేలంలో సంఘ పెద్ద కృష్ణమూర్తి ఒక్కొక్క కోడినీ కాళ్ళు పట్టి పైకెత్తి చూపిస్తున్నాడు. తమ పెట్ట తలకిందులుగా వేలాడుతూ, ఈకలు విచ్చుకుని, గొంతు తిప్పి జనాన్ని చూస్తోంది. సుజానా దాన్ని తిరిగి తెచ్చుకోవాలనుకుంది. పైకి అరవడానికి సిగ్గుపడి, ముందు కూర్చున్న ఒక ముసలమ్మ చెవిలో ఊది, ఆమె చేత పాట పాడించింది. మగవాళ్ళ వైపు నుంచి ఎవరో పెంచారు. ముసలమ్మ ఇంకాస్త పెంచింది. అటు నుంచి మళ్ళీ. ఎవరు ఆ దయలేనివాడు, ఇన్ని కోళ్ళుండగా దీని మీదే పడ్డాడు అని సుజానా పళ్ళు కొరికింది. గొంతు ఇంకా పుంజుకోని టైటస్, పక్కనున్న మనిషి చేత అరిపిస్తున్నాడని ఆమెకు తెలియదు. ఆడవాళ్ళ వైపు ఆ పిసినారి ముసల్ది ఎవరి కోసం పాడుతోందో టైటస్‌కూ తెలియదు. కృష్ణమూర్తికి మాత్రం ఇద్దరూ కనబడుతున్నారు. మీసం కింద నవ్వు ఆపుకుంటూ ఆయన కోడిని అటు తిప్పి, ఇటు తిప్పి, "అంతేనా? అక్కలు తగ్గిపోతారేటి? అన్నలు ఊరుకుంటారేటి?" అని ఎగదోశాడు. ఆఖరికి ముసలమ్మ వెనక్కి తిరిగి, "నావల్ల కాదే సుజానా, నీ మొగుడు తగ్గట్నేదు," అని బిగ్గరగా అనేసింది. ఆ నవ్వులు ఆవరణ దాటి కొండ కిందికి వెళ్ళాయి. అయ్యగారు కూడా బల్ల మీద చెయ్యి ఆనించుకుని నవ్వారు.

ఆ రోజు దారిలో టైటస్‌కు మొక్కు సంగతి చెప్పింది. అతను కోడిని చంకలోంచి తీసి, దాని ముఖం చూసి, "అయితే నేను దొంగనేటి?" అన్నాడు. తర్వాత, "పోనీలే. ఏటేటా ఇద్దాం. ఏటేటా అడిగి తెచ్చుకుందాం," అన్నాడు.

అదే ఆచారమైంది. వాళ్ళ కోడి వేలానికి వచ్చినప్పుడు ఎవరూ పోటీకి పాడేవారు కాదు. టైటస్ నిలబడి గొంతు సవరించుకోవడమే పిల్లలకు వినోదం. పోయిన ఏడు అతను దగ్గుతో వచ్చి చాప మీద కూర్చుండిపోయాడు. లేవలేకపోయాడు. కృష్ణమూర్తి కోడిని ఎత్తి రెండుసార్లు పిలిచాడు. ఎవరూ పలకలేదు. టైటస్ నోరు తెరిచాడు కాని మాట రాలేదు. కృష్ణమూర్తి దిగి వచ్చి, కోడిని తెచ్చి అతని ఒళ్ళో పెట్టి, తర్వాతి గుమ్మడికాయ ఎత్తాడు.

ఇవ్వడం అంటే అదేనా అని సుజానా అప్పుడప్పుడు అనుకునేది. ఒక చేత్తో ఇచ్చి, ఇంకో చేత్తో తెచ్చుకుంటే దేవుడి చేతిలో ఏం మిగిలినట్టు? మనిషి ఉన్నంతకాలం ఆ ప్రశ్న నవ్వుల కింద అణిగి ఉంది. అతను పోయాక పైకి లేచింది. తాను కోడిని ఏటా తిరిగి తెచ్చుకుంది. అతన్ని ఒకసారే తిరిగి తెచ్చుకుంది. ఈ రెంటికీ సంబంధం ఉందని ఎవరూ చెప్పలేదు. దేవుడు అలా లెక్కలు కట్టేవాడని ఆమె నమ్మలేదు. అయినా, తన వైపు నుంచి బాకీ ఉంచకూడదని అనిపించింది.

*

మధ్యాహ్నం తిండి వేళకు పొగమంచు విడిపోయి ఎండ వచ్చింది. ఆడవాళ్ళు చెట్ల కింద కూర్చుని టిఫినుడబ్బాలు విప్పారు. సుజానా బుట్టలోంచి కోడిని తీసి గడ్డి మీద పెట్టింది. అది నిలబడింది. అడుగు వెయ్యలేదు గానీ నిలబడింది. మెడ చాచి, ఒక కన్నుతో నేలను చూసి, ఎండుటాకును కాలితో ఒక్కసారి గీకింది. కింద ఏదో పురుగు కదిలింది. కోడి దాన్ని పొడవలేదు. కాని చూసింది.

"సూసినావా," అంది సుజానా భానుతో. గొంతులో ఆశ దాచుకోలేకపోయింది. "రేపటికి నిలబడతాది."

భాను ఈసారి వేళాకోళం ఆడలేదు. తన డబ్బాలోంచి అన్నం మెతుకులు కొన్ని తీసి, నీళ్ళతో నలిపి, కోడి ముందు పోసింది.

"తినే తల్లీ. మీ దేవుడు కాసుకుని కూకున్నాడంట."

కోడి తినలేదు. మళ్ళీ కూర్చుంది. ఎండకు వీపు ఆనించి, రెక్క ఒకటి చాచి, అలాగే ఉండిపోయింది. సుజానా తన అన్నం కొంచెం తిని, మిగతాది మూతపెట్టింది. పని మొదలయ్యాక ఆమె వేళ్ళు ఎప్పటికన్నా త్వరగా కదిలాయి. చీకటి పడకముందే ఇల్లు చేరి, నీళ్ళు కాచి, దాని కాళ్ళు కడగాలి. మందిరానికి మట్టి కాళ్ళతో ఎవరూ వెళ్ళరు.

మందిరానికి వెళ్ళి అయ్యగారికి ఉన్న మాట చెప్పేస్తే? అయ్యా, ఇది జబ్బు కోడి, కొక్కెర కాదు, ముసలితనం, దీన్ని మీరు పుచ్చుకోవాలి అని. కొమ్మ వంచుతూ ఆ మాటలను మనసులో రెండు మూడు రకాలుగా పేర్చుకుంది. ప్రతిసారీ ఆఖరున అయ్యగారు మంచిగానే, "ఇంకో కోడిని తెండమ్మా, దేవుడికి ఏదైనా ఒకటే," అన్నట్టు వినబడింది. దేవుడికి ఒకటే కావచ్చు. తనకు ఒకటి కాదు. డోలీ వెళ్తున్నప్పుడు అరిచింది వేరే కోడి కాదు.

వద్దులే, అనుకుంది. చెప్పను. పెందలాడే తీసుకెళ్ళి ఒక వార పెట్టేస్తాను.

పళ్ళు తూకం వేయించి, బుట్టలు కడిగి, కొండ దిగేసరికి ఎండ పసుపురంగుకు తిరిగింది. దారిలో మఫ్లరు కింద చెయ్యి పెట్టి చూసింది. వెచ్చగా ఉంది. గుండె వేళ్ళకు తగులుతోంది, చాలా వేగంగా, చాలా సన్నగా.

*

ఇంటికి రాగానే పొయ్యి రాజేసి, నీళ్ళు గోరువెచ్చగా కాచింది. గుమ్మంలో పీట వేసుకుని, బేసిను ముందు పెట్టుకుని, కోడిని ఒళ్ళోకి తీసుకుంది. ఎడమకాలు ముందు. పొలుసుల సందుల్లో ఇరుక్కున్న మట్టిని పాత టూత్‌బ్రష్షుతో మెల్లగా తోమింది. నీళ్ళు ఎర్రమట్టి రంగుకు మారాయి. వెచ్చదనానికి కోడి కాలివేళ్ళు ముడుచుకుని ఆమె చూపుడువేలిని పట్టుకున్నాయి. పసిపిల్లలు పట్టుకుంటారే, అలా.

"రేపు జనం సూత్తారు. కుదురుగా ఉండాల," అని చెప్తోంది. "కిష్ణమూర్తి ఎత్తితే గింజుకోకు. కాళ్ళు పట్టి ఎత్తొద్దని నేను సెప్తాన్లే. ఎవుళ్ళు పాడుకుంటే ఆళ్ళింటికి ఎల్లు. ఎవుళ్ళింట్లో అయినా అడక్కుండా ఎల్లిపోతావు గదా..."

కుడికాలు బేసినులోకి దించింది. అదీ ఆమె వేలిని పట్టుకుంది. పొలుసు పొలుసు తోముతూ, మడమ దగ్గరికి వచ్చింది. పట్టుకున్న గోళ్ళు నెమ్మదిగా విడిపోయాయి. నీళ్ళకు వదులైందనుకుంది. తోమడం ఆపలేదు. కాలు పూర్తిగా కడిగి, తువ్వాలుతో వేళ్ళ సందులు ఒత్తి, అప్పుడు తల వైపు చూసింది.

తల ఆమె మోచేతి మీద వాలి ఉంది. కన్ను సగం మూసి ఉంది. ముక్కు కొసన నీటి బొట్టు. మెడ కింద చెయ్యి పెట్టింది. వెచ్చగానే ఉంది. వేళ్ళు అలాగే ఉంచి, పొయ్యిలో కట్టె ఒకటి కూలేదాకా చూసింది. వేళ్ళకు ఏమీ తగలలేదు.

ఆమె గట్టిగా ఏడవలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని, కోడి రెక్కలను ఒంటికి సరిగా ముడిచింది. ఇన్నాళ్ళుగా జారిపోతున్న రెక్కలు ఇప్పుడు చెప్పినట్టు నిలిచాయి.

"ప్రభువా, ఒక్క రాత్రి," అంది. అది ప్రార్థనో, నిందో ఆమెకే తెలియలేదు. తర్వాత, "క్షమించు," అంది.

ఇంటి వెనక పసుపు మడి పక్కన గునపంతో లోతుగా తవ్వింది, కుక్కలు తీయకుండా. భాను గోడ మీదుగా చూసి వచ్చి, పార అందుకుని మట్టి తోడింది. కోడిని తువ్వాలులో చుట్టి దించారు. మట్టి కప్పాక భాను, తమ వాళ్ళ అలవాటు ప్రకారం, పైన గుప్పెడు బియ్యం చల్లింది. సుజానా వద్దనలేదు.

*

గూడెంలో దీపాలు వెలిగే వేళ ట్రక్కు ఆటో ఒకటి గుమ్మం ముందు వచ్చి ఆగింది. పండుగ ముందు రోజు కృష్ణమూర్తి ఇంటింటికీ వచ్చి బరువైన కానుకలు తీసుకెళ్తాడు. ఆటో వెనక గుమ్మడికాయలు, బియ్యం బస్తాలు, గెలలు. కాళ్ళు కట్టిన కోళ్ళు ఒక మూల అరుస్తున్నాయి. ఆయన ముందు సీట్లోంచి ఒక అట్టపెట్టెను రెండు చేతులా పట్టుకుని దిగాడు.

"వదినా! దొరసాని సిద్దమేనా?"

సుజానా గుమ్మంలో నిలబడి ఉంది. చేతులకు ఇంకా మట్టి. ఆయన పెట్టెను అరుగు మీద పెట్టి, ఊపిరి తీసుకుని, తన పద్ధతిలో గబగబా చెప్పేశాడు.

"వొంట్లో బావునేదని మొన్న సంతలో భాను సెప్పింది. నువ్వు సెప్పవని నాకు తెలుసు. అయ్యగోరితో అన్నాను. ఆయనేటన్నారంటే, ముసల్దాన్ని మిగతా కోళ్ళతో కలపొద్దు, ఏరే పెట్టెలో తీసుకురా, మందిరం అరుగు మీద పెడదాం, సుజానమ్మగారు పక్కనే కూకుంటారు అన్నారు. వేలంలో ఎత్తడం గిత్తడం ఏటీ నేదు. అక్కడే పేరు సదువుతాను. అందుకే ఈ పెట్టి. మెత్తగా ఉంటాదని గడ్డేసినాను..."

ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

"ఎల్పోయింది బాబూ," అంది సుజానా.

"ఎప్పుడు?"

"ఇందాకే. కాళ్ళు కడుగుతన్నాను."

కృష్ణమూర్తి తలకున్న ఉన్ని టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆటోలో కోళ్ళు ఇంకా అరుస్తున్నాయి. డ్రైవరు ఇంజను ఆపేశాడు.

"నీతో సెప్పుంటే బాగుండు," అంది ఆమె. "ఒద్దంటారని బయపడ్డాను. నూనె రాసి దాచినాను."

"ఒద్దనడానికి మేమెవులం వదినా?"

ఆమె అరుగు అంచున కూర్చుంది. "కిష్ణమూర్తీ, నిజం సెప్పు. అన్నేళ్ళు ఇచ్చినాం. అన్నేళ్ళు తెచ్చుకున్నాం. అది ఇచ్చినట్టా, ఇయ్యనట్టా?"

ఆయన టోపీని రెండు చేతుల మధ్య తిప్పాడు.

"నాకేటి తెలుసు? నేను పాట పెట్టేవోణ్ణి. పాట గురించయితే సెప్పగలను. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అంటేనే పాట ముగిసినట్టు. పోయినేడు అన్న ఒళ్ళో పెట్టినప్పుడు మూడోసారి నేను అననేదు. అనలేకపోయాను. మరి ఆ పాట ముగియనేదు గదా. అప్పట్నించీ అది మందిరం కోడే అనుకో. నువ్వు మేపినావంతే."

"అలాగంటావా?"

"నేనంటాను. దేవుడేటంటాడో నాకు తెల్దు."

ఆమె తల వంచుకుని అరచేతుల్లోని మట్టిని ఒక చేత్తో ఒక చెయ్యి రాలుస్తూ ఉండిపోయింది. కృష్ణమూర్తి టోపీ పెట్టుకుని, "రేపు రా వదినా. ఒట్టి సేతుల్తో అయినా రా," అని చెప్పి ఆటో ఎక్కాడు. ఆటో మలుపు తిరిగాక కూడా కోళ్ళ అరుపులు కాసేపు కిందినుంచి వినబడ్డాయి.

సుజానా లేచి లోపలికి వెళ్ళి దీపం వేసింది. గుమ్మంలోంచి వెలుతురు అరుగు మీద పడింది. ఆయన పెట్టెను తీసుకెళ్ళడం మరిచిపోయాడు, లేదా మరవలేదు. అట్ట మీద స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాలు: సుజానా టైటస్, కానుక. గాలి ఆడాలని నాలుగు వైపులా పొడిచిన కన్నాలు. లోపల మెత్తగా పరిచిన కొత్త వరిగడ్డి, మధ్యలో ఒక కోడి పట్టేటంత గుంట చేసి, చేత్తో అదిమి ఉంది.